జెండా వెనకాల

అది కాదు మామా, ఎండ సంగతి సరే, రోడ్డు మాటేటి? తుమ్మపాల రోడ్డు నీకు తెలీదేటి? సెరుకు ట్రాక్టర్లు తిరిగి తిరిగి ఎక్కడికక్కడ గోతులు. అందులో ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరిగెట్టమంటే ఎవరి కాళ్ళు ఊరుకుంటాయి, సెప్పు.

కుర్సీ వద్దులే. నీ బోరు మోటారు బాగుసెయ్యడానికి వచ్చినప్పుడల్లా కూకునే టీ తాగేను. ఇయ్యాల కూకోడానికి రాలేదు.

పావని లోపలుందా? పడుకుందా? పడుకోనీ, లేపకు. నీతోనే మాటాడాలని వచ్చేను.

టీ కొట్టుకాడ నువ్వు పదిమందిలో అన్నమాట మేమందరం ఇన్నాం. నా కోడలు ఈ పరుగు రెండున్నర గంటల్లో పూర్తి సేత్తే రోజూ గ్రౌండుకి పంపిత్తాను, లేదంటే బూట్లు అటకమీద పెట్టీడమే అన్నావు. తప్పని నేననను. ఇంటికి పెద్దోడివి. అన్నమాట మీద నిలబడీ మనిషివి. అదే మరి నా బయం.

ఏటీ? తనేటి సెప్పింది? "నాకే సేతకాలేదు, అన్నయ్య సరిగ్గానే పరిగెట్టేడు" అందా?

అలగన్నాదా.

కాసిన్ని మంచినీళ్ళుంటే ఇయ్యి మామా.

ఈ పరుగులో నన్ను పేసరుగా పెట్టేరు. పేసరంటే ఏటో నీకెవరూ సెప్పలేదు కదా. మరేటి లేదు. ఆడి ఈపుకి ఓ జెండా కడతారు. దానిమీద రెండున్నర గంటలని రాసుంటాది. ఆడు మొదట్నించీ సివరిదాకా ఒకటే జోరుమీద పరిగెట్టాలి, ఎక్కువా తక్కువా ఉండకూడదు. ఆడెనకాల వచ్చీవోళ్ళకి ఇంక లెక్కలక్కర్లేదు. జెండాని సూసుకుని వచ్చేత్తే సాలు, ఆ టైముకి గీత దాటేత్తారు. నేనే అన్నాను తనతోటి, "నీకు వాచీ దేనికమ్మా, నేనున్నాను కదా" అని. సేతికున్న వాచీ తీయించేసేను.

సగం దూరందాకా బాగానే వచ్చేం. పావని నా పక్కనే ఉంది. ఆయాసం లేదు, ఏటీ లేదు, కబుర్లు సెప్తా వత్తంది. అంతలో మా ఊరొచ్చింది.

మా ఈది మొదట్లోనే డప్పులు. నేనసలు ఊహించలేదు, ఒట్టు. కాదులే, ఇంకా ఒట్లెందుకు. ముందురోజు నేనే ఫోను సేసి సెప్పేను, పలానా టైముకి మన ఈదిలోంచి వత్తాను, సూడండని. మా తలుపులమ్మత్త బిందెడు పసుపునీళ్ళు, యాపాకులు పట్టుకుని రోడ్డుకడ్డంగా నిలబడిపోయింది. అమ్మోరి పండక్కి ఘటం మోసీవోళ్ళ కాళ్ళమీద పోత్తారు సూడు, అలగ. ఆ నీళ్ళు కాదని ఎవరు దాటెల్తారు? ఆగేను. కాళ్ళమీద పోసింది, బొట్టెట్టింది. ఆవిడయ్యాక మా వదిన. వదినయ్యాక పక్కింటోళ్ళు. ఫొటోలు తీసేరు. డప్పులోళ్ళు రెండడుగులెయ్యమన్నారు. ఏసేను మామా, ఈపుకి జెండా కట్టుకుని. బుద్ధుండాలి కదా మనిషికి.

జెండా ఆగిపోతే ఎనకున్నోళ్ళు ఆగరేటి? పాపం అందరూ ఎండలో అలగే నిలబడిపోయేరు. పావని మెల్లిగా దగ్గరికొచ్చి "అన్నయ్యా, టైము" అంది. "నాకు తెలుసులేమ్మా" అన్నాను, కసురుకున్నట్టు.

టైము తప్పిపోతే పేసరు సెయ్యాల్సింది ఒకటే. జెండా తీసి సంకలో పెట్టుకుని, "నా లెక్క పోయింది, ఇంక మీకెలా వీలైతే అలా ఎల్లండి" అని సెప్పీడమే. నేర్పినోళ్ళు అన్నిటికంటే ముందు సెప్పే ముక్క అదే. మరి మా ఈదిలో, అత్తలూ వదినలూ సూత్తండగా, ఆ జెండా ఎలా తీత్తాను? పోనీ ఊరు దాటేకైనా తీసేనా? లేదు. పోయిన టైమంతా లాగేద్దామని జోరు పెంచేను.

తనకి తెలిసిపోయింది. "జోరు పెంచేవేటన్నయ్యా?" అని అడిగింది.

"లేదమ్మా, ఇందాకటి జోరే. ఎండకి నీకలగ అనిపిత్తంది" అన్నాను.

నమ్మేసింది మామా. తన కాళ్ళు తనకి నిజం సెప్తండగా, వాటిని కాదని నా మాట నమ్మింది. నన్ను కాయడానికి నీతో అలగ సెప్పిందనుకుంటన్నావేమో, కాదు. నిజంగానే తనకి సేతకాలేదనుకుంటంది. ఇందాక నువ్వా ముక్క సెప్పగానే నేను మంచినీళ్ళడిగింది అందుకే.

ఎనకాలున్నోళ్ళు ఒక్కొక్కలే ఎనకబడిపోయేరు. ఆఖరికి గ్రౌండు గేటు కనపడీసరికి పావనొక్కర్తే మిగిలింది. ఎలా వచ్చిందో తల్లి, పళ్ళు బిగబట్టుకుని వచ్చింది. మైకులో "జెండా పట్టుకుని ఎల్లాజీ గారు వచ్చేత్తన్నారు, సప్పట్లు కొట్టండి" అని నా పేరు పిలుత్తన్నారు. అప్పుడే ఎనకనించి తను పిలిచింది. "అన్నయ్యా, కాలు పట్టేసింది, కొంచెం ఆగు" అని.

నువ్వడిగితే ఇనపడలేదని సెప్దామనే ఇంటికాడ బయల్దేరేను. దారిపొడుగునా అదే అనుకుంటా వచ్చేను. రెండు పిలుపులూ ఇనపడ్డాయి మామా. నేను మైకేపే ఎల్లేను.

సరిగ్గా రాసున్న టైముకే గీత దాటేను. శాలువా కప్పేరు. ఇంత కచ్చితంగా వచ్చిన పేసరు లేడన్నారు. నా ఎనకాల ఒక్క మనిషి లేడు. అదెవరూ అడగలేదు, నేనూ సెప్పలేదు. ఫొటోకి నవ్వేను కూడాను. తను రోడ్డుపక్కన కూలబడిపోతే ఎవరో ఆటోలో ఎక్కించి ఇంటికి పంపేరని తరవాతెప్పుడో తెలిసింది.

రెండు తిట్టు మామా, పోనీ.

నీ కోడలు ఆ టైముకి వచ్చేదే. ఇన్నాళ్ళూ పక్కనే పరిగెట్టినోడ్ని, నాకు తెలీదేటి? బూట్లు అటకెక్కించకు. గ్రౌండుకి పంపించు. అక్కడ నా మొహం సూడాల్సొత్తాదని తను రానంటే, నేనే మానుకుంటాను.

తనని పిలవకు, పిలవకు. నీ ముందు సెప్పేను గానీ తన ముందు నావల్ల కాదు. నేనెల్లేక నువ్వే సెప్పు. ఇన్నాక తనేటన్నాదో మాత్రం నాకు కబురెట్టకు.