రేవు పిల్లులకు చేపతలలు

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఎండుచేపల తట్టలు తొక్కకండి. ఇందాక జైతూన్ తన కూతురు ఇంతన్‌ని ఎత్తుకుని పోతుంటే వెనకనుంచి మ్యావ్ అన్నదెవరో నేనడగను. ఎవరు నేర్పారో చెప్పండి, చాలు.

మీ అమ్మలా? ఊఁ. వాళ్ళకెవరు చెప్పారట?

ఇంతన్ పుట్టగానే పిల్లికూనలా సన్నగా ఏడ్చింది. జైతూన్ అత్తగారు మక్ కల్సోమ్, అదే మనందరి కల్సోమమ్మ, ఆ ఏడుపు విని గుమ్మంలోనే ఆగిపోయింది. తరవాత మెల్లగా అడిగింది, "కడుపుతో ఉండగా పిల్లినేమైనా చేశావా అమ్మాయ్?" అని. కడుపుతో ఉన్నావిడ ఏ జంతువును బాధపెడితే దాని పోలిక బిడ్డకు దిగుతుందంటారు కదా మనవాళ్ళు. జైతూన్‌కి దాచడం రాదు. "చేప ఎత్తుకుపోతుంటే ఒకసారి నీళ్ళు చల్లాను మక్" అంది.

ఇంకేముంది. సాయంత్రానికి ఊరంతా అదే మాట. అప్పట్నుంచి జైతూన్ రోజూ పొద్దుగూకే వేళ రేవులో పిల్లులకు చేపతలలు వేసి, "తప్పయింది, నా బిడ్డ గొంతు ఇచ్చెయ్యండి" అని బతిమాలుకునేది. మీరూ చూసి నవ్వినవాళ్ళేగా.

చివరికి పట్నం ఆసుపత్రిలో బిడ్డకూ తల్లిదండ్రులకూ రక్తం పరీక్ష చేశారు. మన ఒళ్ళు ఎలా తయారవ్వాలో చెప్పే సన్నని పోగులుంటాయి, క్రోమోజోములంటారు. ఇంతన్‌కి వాటిలో ఒకదాని కొస తెగిపోయింది. అందుకే ఆ గొంతు, అందుకే ఇంకా నడక రాలేదు. తండ్రి రుస్లీకీ ఆ కొస తెగింది గానీ వేరే పోగుకు అతుక్కుని ఉంది, అతనికేం కాలేదు. "మీ ఇంట్లో ఇలా ఏడ్చిన బిడ్డ ఇంకెవరైనా ఉన్నారా?" అంది డాక్టరమ్మ.

రుస్లీ తల దించుకున్నాడు. వాళ్ళ వెంట వెళ్ళిన మక్ కల్సోమ్ తలగుడ్డ సర్దుకుంటూ అంది, "నా మొదటిది. నెల తిరక్కుండానే పోయింది."

అదీ సంగతి. ఆ ఏడుపు ఆవిడకు కొత్త కాదు. తెలిసే అడిగింది.

తిరుగు పడవలో రుస్లీ జైతూన్‌తో ఏమన్నాడో తెలుసా? "మక్ పెద్దదైపోయింది, ఊళ్ళో చెప్పకు. నీకు పిల్లి మాట ఎలాగూ అలవాటైపోయిందిగా." అంటే, ఆ మొదటి బిడ్డ సంగతి అతనికీ ముందే తెలుసు.

అయినా పిల్లి వల్ల కాదని అత్త నోట ఒక్క మాట వస్తుందని జైతూన్ ఎదురుచూసింది. మొన్న విందులో ఎవరో కడుపుతో ఉన్న పిల్లకు బుద్ధులు చెబుతున్నారు, "పిల్లుల జోలికి పోకు, జైతూన్‌ని చూశావుగా" అని. పక్కనే మక్ కల్సోమ్ వడ్డిస్తోంది. "ఇంకాస్త కూర వెయ్యనా?" అంది. అంతే.

ఆ సాయంత్రం జైతూన్ చేపతలలు పులుసు పెట్టి, మెత్తగా చేసి ఇంతన్‌కి తినిపించింది. రేవులో పిల్లులు చీకటి పడేదాకా ఎదురుచూశాయి.

నాకెలా తెలుసంటారా? తనే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దనలేదు.

సరే, పొద్దుపోయింది. ఇళ్ళకు పోయి అన్నాలు తినండి. మీ అమ్మలకు చెబితే చెప్పండి. నమ్మరులే. మక్ కల్సోమ్ మీ అందరికీ చుట్టమే. జైతూన్ పైఊరి పిల్ల.