డెంజిల్ గారు పెట్టె విప్పిన రోజు

కష్టాలు, కష్టాలు అంటారేంటి బాబూ, వచ్చిన దగ్గర్నుంచీ అదే మాట? ముందు ఆ తడి బూట్లు గుమ్మం బయట విడవండి. పొద్దున్నే తుడిచాను. ఆఁ, ఇలా పొయ్యి దగ్గరికి జరగండి. ప్రభుత్వం ఓడలో వచ్చినంత మాత్రాన చలెయ్యకుండా ఉంటుందా?

టీ ఆకు ఎప్పుడో అయిపోయింది, ఇది పుదీనా నీళ్లు. రొట్టె మీద మీగడ కాస్త మందంగానే రాసుకోండి. మొహమాటం దేనికి? మాకు కరువైంది మీగడ కాదు, కొత్త మొహాలు.

ఏం చెప్పమంటారు? ఆ ఏడు చలికాలం ముందు సముద్రం మా ఊరు పెన్‌వరిక్ మీదికొచ్చింది. వచ్చింది మళ్లీ వెనక్కి పోలేదు. రేవు పోయింది, బజారు పోయింది, మా అక్క ఇల్లు పోయింది. అక్కా పోయింది. కొండ మీద ఈ హోటలొక్కటే మిగిలింది. నేను దీనికి మేనేజర్ని, పేరు లవ్‌డే. పడవల్లో కొందరు, ఈదుకుంటూ కొందరు, ఓ ఇరవై మంది పైకొచ్చారు. అందరికీ సముద్రం కనిపించే గదులే ఇచ్చాను. ఎటు చూసినా సముద్రమే కదా మరి.

మొదటి రోజు ఏం చేశామో తెలుసా? పాడైపోయేవన్నీ వండేశాం. బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, వెండి చెంచాలు తీసి, కడుపునిండా తిన్నాం. ఏడుస్తూనే తిన్నామనుకోండి. ఆ తర్వాత డాన్సు హాల్లో ఆవుల్ని కట్టాం, టెన్నిస్ కోర్టులో బంగాళాదుంపలు వేశాం. అలా రోజులు గడిచిపోయాయి.

గడవనిది ఒక్క డెంజిల్ గారికే. డెంజిల్ హాకింగ్ అని, పోస్టుమాస్టరుగా చేసి రిటైరైనాయన. భార్య ఎప్పుడో పోయింది. కూతురు టామ్సిన్ లండన్‌లో టీచరు. ఆయన చేతిలో పెట్టెతో వచ్చారు, ఆ పెట్టె విప్పలేదు. రోజూ గడ్డం గీసుకుని, టై కట్టుకుని, పెట్టె పక్కన పెట్టుకుని వరండాలో కూర్చునేవారు. ఓడొస్తుందట. వస్తే తను సిద్ధంగా ఉండాలట. ఒకే చొక్కా ఉతుక్కుని వేసుకునేవారు గానీ, ఇంకోటి తీసేవారు కాదు. మావాళ్లు ఊరుకుంటారా? రైలు ఎన్ని గంటలకండీ అని ఏడిపించేవారు. నేనూ నవ్వాను. ఎందుకబద్ధం.

రెండు చలికాలాలు అలాగే కూర్చున్నారు.

తర్వాత వసంతంలో, వారం రోజులు ఎడతెగని వాన. డచెస్ అని మా ఎర్రావు ఈనింది. దూడ వణికిపోతోంది, ఒళ్లు చల్లబడిపోతోంది. ఇంట్లో పొడిగా ఒక్క గుడ్డ లేదు. నేను కర్టెన్లు పీకుతుంటే వెనక నుంచి తాళం తీసిన చప్పుడైంది. చూస్తే డెంజిల్ గారు మోకాళ్ల మీద కూర్చుని ఆ పెట్టె విప్పుతున్నారు. కూతుర్ని కలిసే రోజున వేసుకోవాలని దాచుకున్న ఉన్ని కోటు తీసి, దూడకి చుట్టి, ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నారు. దూడ బతికింది.

మర్నాడు నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. "లవ్‌డే గారూ, బట్టలు తగిలించుకోడానికి ఒక హ్యాంగరు ఇప్పిస్తారా?"

ఇచ్చాను. ఇచ్చి, స్టోరు రూములోకి పోయి కాసేపు ఏడ్చాను. నాకేమైందో నాకే తెలీలేదు.

ఆ వేసవిలో మేమిద్దరం పెళ్లి చేసుకుందామనుకున్నాం. నవ్వకండి, మీకూ వయసొస్తుంది. సరిగ్గా పెళ్లినాడు పొద్దున్నే ఉత్తరం నుంచి ఓ చేపల పడవ వచ్చింది. లండన్ జనం చాలామంది ఉత్తరాన కొండల్లో ఉన్నారని, అక్కడ పిల్లలకి చదువు చెప్పే టామ్సిన్ అనే అమ్మాయి వచ్చిన ప్రతి పడవనీ తన తండ్రి గురించి అడుగుతోందని ఆ పడవాయన చెప్పాడు. పోటు దిగేలోపు వెళ్లిపోవాలన్నాడు.

డెంజిల్ గారు నా వైపు చూశారు.

"వెళ్లండి," అన్నాను.

"రాలేకపోతే?"

"రాలేకపోతే ఆ దూడ నాది."

పెట్టె తేనా అంటే వద్దన్నారు. "తిరిగొచ్చేవాడికి పెట్టెందుకు, లవ్‌డే?" అని, పెళ్లి బట్టలతోనే వట్టి చేతులతో పడవెక్కారు. అప్పటిదాకా నన్ను గారు లేకుండా పిలిచింది లేదు.

వేసవంతా ఆ వరండాలో నేను కూర్చున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, అదింకా కష్టంగా ఉండేది. ఆపిల్ పళ్లు కోసే రోజుల్లో వచ్చారాయన, కూతుర్ని వెంటబెట్టుకుని. అదిగో, పెరట్లో మీ వాళ్లని గద్దిస్తోందే, ఆవిడే టామ్సిన్. వచ్చిన రెండో రోజే నా వంటింట్లో గిన్నెలన్నీ చోటు మార్చేసింది. జల్లెడ నాకింకా దొరకలేదు. మా పెళ్లిలో అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆవిడే.

ఇప్పుడు మీరొచ్చి, నగరంలో దీపాలు వెలుగుతున్నాయి, అందరూ ఓడెక్కండి అంటున్నారు. ఎక్కాలనుకున్నవాళ్లని ఎక్కించుకోండి, దారిలోకి మూట కట్టిస్తాను. మేమిద్దరం రాం. టామ్సిన్ కూడా రాదట, పొద్దున చెప్పింది.

ఎందుకని అడుగుతున్నారుగా. చెప్తాను, మీ పైవాళ్లకి మాత్రం చెప్పకండి. అక్కని తలుచుకోని రోజు లేదు బాబూ. కింద నీళ్లలో ఉన్న ఊరంతా నాకు తెలిసిన మనుషులే. కానీ సముద్రం రాకముందు, వయసంతా ఈ హోటల్లో జంటలకి తాళంచెవులిస్తూ గడిపాను. నా గదికి మాత్రం ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. ఇప్పుడు మెలకువొస్తే పక్కన గురక వినిపిస్తోంది. లోకమంతా మునిగిపోయాక నేను సుఖపడుతున్నానని చెప్పుకోడానికి సిగ్గేస్తుంది.

సుఖంగానే ఉన్నాను మరి. ఏం చెయ్యమంటారు?