వరస మొదట్లో ఎర్ర పోగు

నరసన్నపేట, 1968. మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నతల్లి తమ్ముడి ఇంటి పెరటి అరుగు మీద కూర్చుని ఉంది. వీధి చివరి కిరాణా కొట్టు వాళ్ళ కోడలు కమలాదేవి దారం ఉండ, లేసు సూది పట్టుకుని వచ్చి పక్కన చేరింది.

“అంచులు నాకొచ్చులే అప్పా. జాకెట్టు చేతులకీ, తలగడ గలేబులకీ నువ్వు నేర్పినవే కదా. ఈ గుండ్రందే చేతకావడం లేదు. మధ్యలో ఎలా మొదలెట్టాలో అదొక్కటి చెప్పు.”

“మూడేళ్ళ నుంచి నేర్సుకోయే కమలా అంటే, గుండ్రం నాకెందుకప్పా అన్నావు. ఇయాల ఏటొచ్చింది?”

“ఏటీ రాలేదు. మా ఆయన రేడియో కొన్నారు కదా. దాని మీదకి.”

“రేడియో నలుపలకలుగా ఉంటాది కదే. గుండ్రం గుడ్డ ఎలగ కప్పుతావు?”

“రేడియోకి కాదు. రేడియో మీద పూలకూజా పెడతాను కదా, దాని కిందకి. అబ్బా, నేర్పుతావా లేదా?”

“నేర్పుతాను, కూకో. మెల్లిగా మాటాడు. మా మరదలు దాలమ్మ లోపల తొంగున్నాది. లెగిసిందంటే నాకేదో పని సెప్తాది. సూది పట్టు. ముందు గొలుసు ఆరు ఎయ్యి.”

“ఆరే ఎందుకు?”

“ఎక్కువేస్తే మధ్యన బొక్క పెద్దదైపోతాది. తక్కువేస్తే సూది దూరదు. ఆఖరి గొలుసు మొదటిదానికి తగిలించి కలిపీ. సూసినావా, సిన్న కన్నం పడ్డాది. లేసంతా ఈ కన్నంలోంచే రావాల. ఇప్పుడు పొడుగు కుట్లు కన్నంలోకే ఎయ్యి, పన్నెండు.”

“పన్నెండు. ఒక వరసకి ఎంతసేపు పడతాది? పది నిమిషాల్లో అయిపోతాదా?”

“పూలకూజాకి అంత తొందరేటి?”

“ఊరికే అడిగినాను. ఎవరైనా ఎదురుగా కూర్చుని చూస్తంటే కుట్లు తప్పిపోతాయి కదా, అలాటప్పుడు...”

“ఎవరు సూస్తారు?”

“ఎవరూ చూడరు. పదకొండు, పన్నెండు. అయిపోయినాయి.”

“రెండో వరసలో ఒక్కోదాని నెత్తి మీద రెండేసి ఎయ్యాల. అలగ పెంచకపోతే అంచు పైకి లెగిసిపోయి టోపీ అయిపోతాది. ఆగు, ఆగు. ముందు ఈ ఎర్ర పోగు ఇక్కడ ముడెయ్యి.”

“ఇదెందుకు?”

“గుండ్రానికి మొదలూ సివరా కనబడదు కదే. వరస ఎక్కడ మొదలెట్టినామో తెలవడానికి. అల్లడం అయిపోయాక తీసీడమే. ఆమధ్య నీ సేతికిచ్చిన గుండ్రం లేసులో తొందర్లో తియ్యడం మర్సిపోయినాను.”

“అయ్యో, అది అందానికి కాదా? అందానికే అని చెప్పీసినాను.”

“ఎవరికి?”

“ఆఁ?”

“ఎవరికి సెప్పినావు?”

“ఎవరికీ కాదు. మా ఆయనకి.”

“మీ ఆయనెప్పుడు సూసినాడు? నా దగ్గర తీసుకున్న రోజే సమితి ఆఫీసులో ఇచ్చీసినానన్నావు.”

“వెళ్తూ వెళ్తూ కొట్లో ఆగినాను. అప్పుడు విప్పి చూసినారు.”

“సరేలే. ఆఫీసు నుంచి కబురేటి? నెలైపోయింది. మహిళా మండలిలో అల్లిక నేర్పే పనికి నా పేరున కాయితం నువ్వే రాసినావు, ఆ లేసు కూడా జతసేసి ఇచ్చినావు.”

“ఏ కబురూ లేదప్పా.”

“లేదా?”

“లేదు. ఆఫీసు పనులు కదా, నానుతాయి.”

“నా మొకం సూసి సెప్పు.”

“చూసే చెప్తన్నాను. రెండేసి వేసినాక తర్వాతేటి?”

“ఆ పని దొరికితే జగన్నాధం గారి వీధిగది అద్దెకి తీసుకుందామనుకున్నాను. మా ఆయన పోయి ఆరేళ్ళు. ఆరేళ్ళ నుంచీ ఈ ఇంట్లో ఉప్పురాయి కావాలన్నా దాలమ్మని అడగాల. నా పొయ్యి నేనెలిగించుకుని, నాకు ఆకలేసినప్పుడు నాలుగు మెతుకులు ఒండుకోవాలని. అంతే. ఆ మాట మా తమ్ముడికి కూడా సెప్పలేదు. నీకే సెప్పుకున్నాను.”

“తెలుసప్పా.”

“తెలుసు కదా. అయితే సెప్పు, ఎర్ర పోగు అందానికని ఎవరికి సెప్పినావు?”

“ఆఫీసరమ్మకి.”

“నా లేసు గురించి నిన్నెందుకు అడిగినాది?”

“నువ్వు కోప్పడకు. ముందు నీ పేరే రాసినాను, ఒట్టు. తర్వాత తెలిసింది, ఆ పనికి చదువుండాలట. ఐదో తరగతైనా ఉండాలట. నీకెలాగూ రాదు కదా అని...”

“రాదు కదా అని?”

“నా పేరు రాసినాను.”

“లేసో?”

“లేసు కూడా నాదే అన్నాను.”

“నా వేలిముద్ర ఏసిన కాయితం?”

“చింపీసినాను.”

“సింపీసినావు. నా బొటనేలికి సిరా నువ్వే పూసినావు కమలా. మూడ్రోజులు పోలేదది. కూరలు తరుగుతూ దాన్నే సూసుకుని మురిసిపోయినాను, ఎర్రిదాన్ని. నాకు కావాలప్పా ఆ పని అని ఒక్క మాట అనుంటే ఇచ్చీదాన్నేమో. దాలమ్మ తిడితే నాకింత కష్టంగా ఉండదు. దానికి నేనంటే పడదు, తెలుసు నాకు. నిన్ను నా సొంత సెల్లెలనుకున్నాను.”

“నాకు మాత్రం ఏటి సుఖం? పన్నెండేళ్ళుగా కొట్టు వెనక గదిలో పప్పులేరుతన్నాను. ఎవరైనా ఒక్కరు టీచరమ్మా అని పిలుస్తారని ఆశపడ్డాను. అంచైతే కళ్ళు మూసుకుని అల్లీదాన్ని. ఆవిడేమో బుధవారం అందరి ముందూ గుండ్రం మొదలెట్టి చూపించమన్నాది. మధ్య నాకు రాదు కదప్పా.”

“అందుకొచ్చినావు.”

“నీకు అన్యాయం చెయ్యను. పని నాకొస్తే నిన్ను కూడా తీసుకెళ్తాను. పేరుకి నేనుంటాను, పనికి నువ్వుంటావు. ఇద్దరం బాగుపడతాం.”

“పేరుకి నువ్వు.”

“నీకు సంతకం కూడా రాదు కదా, అందుకని.”

“సూది ఇలగియ్యి.”

“ఎందుకప్పా? తీసీసుకుంటావా?”

“ఇయ్యి. దారం వదులుగా పడతన్నాది, కన్నం సాగిపోతాది. సూడు, ఇలగ వేలికి సుట్టి బిగించి పట్టుకోవాల. మూడో వరసలో ఒకదాని మీద ఒకటి, పక్కదాని మీద రెండు. నాలుగో వరసలో రెండిటి మీద ఒక్కోటి, మూడోదాని మీద రెండు. బల్ల మీద ఎడితే అప్పడం లాగ పడుండాల. ఎక్కడా లెగకూడదు. ఇంద, నువ్వెయ్యి.”

“నిజంగానే నేర్పుతన్నావా?”

“కావాలని తప్పు నేర్పినానన్న మాట నాకొద్దు. ఎయ్యి.”

“వేస్తన్నాను. చూడు, లెగలేదు. బాగానే ఉన్నాది కదా? నీ మేలు మర్చిపోనప్పా. ఇంక నాకు భయం లేదు. అయినా ఆఫీసరమ్మకి అల్లిక రాదు. ఒకటి రెండు కుట్లు తప్పినా ఆవిడకేటి తెలుస్తాది?”

“అవును, రాదు. నాతో కూడా అదే అన్నాది.”

“నీతో ఎప్పుడన్నాది?”

“పొద్దున్న. ఆ లేసు పట్టుకుని ఇంటికొచ్చినాది. ఈ పేటలో గుండ్రం అల్లేదెవరని అడిగితే అందరూ నన్నే సూపించినారట. ఈ ఎర్ర పోగెందుకమ్మా అనడిగినాది. వరస మొదలు తెలవడానికన్నాను. మరి నువ్వు అర్జీ ఎందుకెట్టలేదు అనడిగినాది. ఏటనాలో తెలవక సదువు లేదమ్మా అన్నాను. ఈ పనికి సదువెవరడిగినారు, వేలిముద్ర సాలు అన్నాది.”

“అప్పా... నా సంగతి చెప్పీసినావా?”

“సెప్పలేదు. నీ అంతట నువ్వే సెప్తావని సూసినాను, ఇంతసేపూ.”

“చెప్పినాను కదా ఇప్పుడు. చెప్పినాను కదప్పా.”

“మెల్లిగా. దాలమ్మ లెగుస్తాది. ఆ ఎర్ర పోగు తియ్యకు, దాంతోనే పట్టుకుని రా. నువ్వల్లేదీ, ఆ లేసూ ఒక్క సేతివేనా కాదా అని సూసి సెప్పడానికి బుధవారం ఆవిడ పక్కన నన్నే కూకోమన్నాది.”