మూడు బెజ్జాల గుండీ

చెరువుగట్టు వీధిలో ఉన్న ఒకే ఒక్క దర్జీ కొట్టు, మధ్యాహ్నం రెండున్నర. ముసలి దర్జీ ఒళ్ళో మగవాళ్ళ కోటు ఉంది. ఎదురుగా స్టూలు మీద, ఈ ఊళ్ళో కాపురం పెట్టే ఆలోచనతో వచ్చిన ఒకావిడ కాగితమూ పెన్సిలూ పట్టుకుని కూర్చుంది.

"...అంటే చలికాలం పొడుగునా బట్టలు ఆరవంటారా?"

"ఆరవని కాదమ్మా, ఆరతాయి. సోమవారం ఉతికితే గురువారానికి ఆరతాయి. చెరువు పక్కన కాపురమంటే అంతే మరి. గోడలకి చెమట పడుతుంది, ఉప్పు నీరవుతుంది, అగ్గిపెట్టె దిండు కింద పెట్టుకుని పడుకోవాలి. అన్నీ రాసుకుంటున్నారా ఏమిటి?"

"రాసుకుంటున్నా మాస్టారూ. గోడలకి చెమట. తర్వాత?"

"తర్వాత మంచు. పొద్దున తొమ్మిదింటి దాకా ఎదుటి మనిషి కనపడడు. గిట్టనివాళ్ళుంటే అదీ ఒక సుఖమే."

"డాక్టరు?"

"మంగళవారం, శుక్రవారం. తక్కిన రోజుల్లో జబ్బు చెయ్యకూడదు."

"పోలీసు స్టేషను?"

"అదెందుకమ్మా మీకు?"

"కొత్త ఊరు కదా. అన్నీ కనుక్కుని రావద్దూ?"

"పడవలరేవు పక్కనే. ఇద్దరుంటారు. ఒకాయన నిద్రపోతే రెండో ఆయన ఆయనకి కాపలా. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, మీకేం భయం లేదు, నిశ్చింతగా వచ్చెయ్యండి. అది సరే గానీ, ఈ గుండీ ఎవరు కుట్టారమ్మా? సూదితో కుట్టారా, గునపంతో పొడిచారా?"

"మా ఆయనే కుట్టుకున్నారట. మిగతా నాలుగూ ఒక రకం, అదొక్కటీ వేరు. అది తీసేసి, వాటికి జత కుదిరేది వెయ్యండి."

"కుదరదమ్మా. ఇవి కొమ్ము గుండీలు. బెజ్జాలు చూడండి. రెండూ కాదు, నాలుగూ కాదు, మూడు. నా సర్వీసులో ఇలాంటివి... ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడ కుట్టించారీ కోటు?"

"ఏమో. నా పెళ్ళికి ముందుది."

"డబ్బా వెతుకుతాను, ఆశ మాత్రం పెట్టుకోకండి. ఇంత చలిలో మీ ఆయన కోటు లేకుండా ఎక్కడ తిరుగుతున్నారు?"

"బస్టాండులో కూచున్నారు. బస్సులో నాకు చలేస్తోందంటే కప్పారు, అలాగే వేసుకొచ్చేశాను. ఊళ్ళోకి రానన్నారు. నువ్వు చూసి రా, నాలుగింటి బస్సుకి వెళ్ళిపోదాం అన్నారు."

"ఇల్లు చూడ్డానికొచ్చి ఊళ్ళోకి రానంటాడా?"

"ఆయనకి చెరువు గాలి పడదు."

"చెరువు గాలి పడనివాణ్ణి చెరువు ఒడ్డుకి కాపురానికి తెస్తున్నారా? బాగుందమ్మా."

"నేనే పట్టుబట్టాను. పెళ్ళయి ఆర్నెల్లే కదా, కాదనలేకపోయారు."

"ఆ మాత్రం ఉంటుంది. ఏడాది దాటితే అప్పుడు చూడాలి. ఇంతకీ ఏ ఇల్లు?"

"పచ్చ గోడలది. వెనక నీళ్ళలోకి మెట్లున్నాయే, అది."

"...ఆ ఇల్లా."

"ఏం?"

"ఏం లేదు, ఏం లేదు. గాలీ వెలుతురూ దండిగా ఉంటాయి. మూడేళ్ళుగా తాళం వేసుంది గనక కాస్త తలుపులవీ బిగుసుకుని... ఆఁ, ఇదిగో. దొరికింది. నా డబ్బాలో లేని గుండీ లేదమ్మా, నాకే నమ్మకం చాల్లేదు గానీ. మూడు బెజ్జాలు, అదే కొమ్ము, అంచున అదే గీత. అచ్చం... అచ్చం దాని..."

"మాస్టారూ?"

"ఆఁ."

"ఏమైంది?"

"ఏం కాలేదు. కళ్ళజోడు మసకేసింది."

"అయితే కుట్టెయ్యండి మరి."

"ఇది కాదులెండి. వేరేది. జత కాదు."

"అదే కొమ్ము, అదే గీత అన్నారుగా ఇప్పుడే?"

"పొరపడ్డాను. ముసలి కళ్ళు. ఆ మొరటు గుండీయే ఉండనివ్వండి. కాదు, కాదు, ఒక్క క్షణం. దాన్ని విప్పి, కింద గుడ్డ ఎలా ఉందో చూస్తాను."

"ఎలా ఉంది?"

"చిల్లు పడింది. లోపల అతుకు వేసి, పైన ఆ గుండీ కుట్టాడు."

"ఆ చెరువు మెట్ల దగ్గర లోతెంత ఉంటుంది మాస్టారూ? నా కాగితంలో అదొక్కటే మిగిలింది."

"ఆ ఇల్లు వద్దమ్మా."

"పోనీ ఇంకో ఇల్లు చూపించండి."

"ఈ ఊరే వద్దు. తేమ. ఊపిరాడదు. డాక్టరు ఉండడు, బడి ఉండదు, పలకరించే దిక్కుండదు..."

"నిశ్చింతగా వచ్చెయ్యండి అన్నది మీరే. అరగంటలో ఊరు చెడిపోయిందా?"

"చెడిపోయిందనుకోండి."

"నీళ్ళు నమలకండి మాస్టారూ. అడిగినదానికి చెప్పండి."

"ముందు మీరు చెప్పండి. ఈ కోటు మీ ఆయనదేనా? ఎవరో ఇచ్చిందా? సంతలో కొన్నదా? సంతలో కొన్నదని చెప్పండమ్మా, మీకు పుణ్యముంటుంది."

"ఆయనదే. భుజాలు చూశారుగా, ఒకటి కాస్త దిగి ఉంటుంది. ఆయన కొలతకి కుట్టిందే."

"ఆయనకిదే మొదటి పెళ్ళా?"

"రెండోది. పెద్దవాళ్ళే కుదిర్చారు. ఎరిగున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని బయట వెతకడమెందుకు అన్నారు."

"మొదటావిడ?"

"పోయింది."

"ఎలాగ?"

"ప్రమాదం అంటారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు."

"ఆ తలుపు దగ్గరికి వెయ్యండమ్మా."

"వేశాను. చెప్పండి."

"ఆ పచ్చ గోడల ఇంట్లో మూడేళ్ళ కిందట మొగుడూ పెళ్ళాం ఉండేవారు. ఆయన నా కొట్టుకెప్పుడూ రాలేదు, దూరంనించి చూడ్డమే. ఆవిడ మాత్రం రెండుసార్లు వచ్చింది. ఇక్కడే, ఈ స్టూలు మీదే కూచుంది. నవ్వుతూ మాట్లాడేది. ఓ పొద్దున మంచులో మెట్ల మీంచి జారి నీళ్ళలో పడిపోయిందన్నారు. ఆయన లోపల పడుకుని ఉన్నాడట. కేక వినపడలేదట, మెట్ల ఛాయలకే వెళ్ళలేదట. ఇల్లు ఇల్లంతా ఏడుపు. నమ్మకేం చేస్తాం, అందరం నమ్మాం."

"మీరు ఆవిణ్ణి చూశారా?"

"కప్పడానికి గుడ్డ కావాలంటే నేనే పట్టుకెళ్ళాను. గుప్పిలి బిగిసిపోయి ఉంది. చేతులు సరిగ్గా పెడదామని వేళ్ళు విప్పాను. అందులో గుండీ."

"ఈ గుండీ."

"ఇదే. దారం ఊడలేదు చూడండి. దాని చివర గుడ్డ పోగులు. గుండీ దానంతట అది ఊడితే దారం తెగుతుంది, గుడ్డ రాదమ్మా. ఎవరో గట్టిగా పట్టుకుని లాగితేనే గుడ్డ చిరిగి వస్తుంది. ఈ పోగులు ఈ కోటువి. ఈ చిల్లు ఈ పోగులది. ఇంతకంటే ఎలా చెప్పను?"

"అప్పుడు ఎవరికీ చూపించలేదా?"

"ఆవిడ బట్టలదే అనుకున్నాను. అదీ అనుకున్నానో లేదో. ముప్పయ్యేళ్ళుగా గుండీ కనపడితే ఏరడం, జేబులో వేసుకోడం, ఇంటికొచ్చి డబ్బాలో పడెయ్యడం. బుర్రకి తెలిసేలోపే చెయ్యి తన పని చేసేసింది. మూడేళ్ళు దీని పక్కన కూచుని చొక్కాలు కుట్టుకున్నాను. సిగ్గుగా ఉందమ్మా. ఏ చొక్కాకో కుట్టేసి ఉంటే అదీ పోయేది."

"కుట్టలేదుగా."

"మూడు బెజ్జాలది ఎవరికి పనికొస్తుంది?"

"ఈ మాట ఇంకోచోట చెప్పగలరా? మళ్ళీ ఇలాగే, తడబడకుండా?"

"ఎక్కడ?"

"పడవలరేవు పక్కన. ఇద్దరుంటారన్నారుగా."

"చెప్తాను. చెప్పకపోతే నాకిక అన్నం సయించదు. కానీ ఆయన మీ మొగుడమ్మా. మీ కాపురం..."

"నా కాపురం సంగతి నేను చూసుకుంటాను."

"మీరు బస్టాండుకి వెళ్ళకండి. వెనక గుమ్మంలోంచి వెళ్తే మా కోడలి ఇల్లు. ఈ పూటకి అక్కడ ఉండండి. మీరేమిటమ్మా ఇంత నిలకడగా ఉన్నారు? నాకే సూదిలోకి దారం ఎక్కడం లేదు."

"ఎక్కించండి. ఆయన వస్తున్నారు."

"ఊళ్ళోకి రానన్నాడన్నారే?"

"ఆలస్యమైందిగా. ఎవరితో మాట్లాడుతున్నానో చూడ్డానికి వస్తున్నారు. తలుపు సందులోంచి కనిపిస్తున్నారు, మలుపు తిరిగారు."

"గుండీ దాచేస్తాను."

"ఇటివ్వండి, నా దగ్గరుంటుంది. మీరు ఆ మొరటు గుండీయే మళ్ళీ కుట్టండి, తల ఎత్తకుండా కుట్టండి. ఆయన పలకరిస్తే వాతావరణం గురించి మాట్లాడండి. ఒక్క మాట మాత్రం చెప్పండి మాస్టారూ, త్వరగా. మీరు విప్పిన గుప్పిలి, ఎడమ చేతిదేనా?"

"ఎడమదే. ఎడమ చెయ్యే. మీకెలా తెలుసమ్మా?"

"మా అక్కది ఎడమచేతి వాటం."