సోడియం సోడియమే

(వీర్నపల్లి. పొద్దున. వాకిట్లో అత్త నర్సవ్వ, కోడలు పద్మ. పద్మ సిరిసిల్లకు వెళ్లి ఇంటర్ కెమిస్ట్రీ పరీక్ష రాయాలి.)

"...ఆర్గాన్ దాక పద్దెనిమిది. పొటాషియం పంతొమ్మిది. గా పంతొమ్మిదో ఎలక్ట్రాన్ త్రీ-డి లకు పోతదా, ఫోర్-ఎస్ లకు పోతదా?"

"నన్నడుగుతున్నవా పద్మా?"

"నిన్ను కాదు అత్తమ్మా, నన్ను నేనే అడుగుకుంటున్న. ఫోర్-ఎస్ లకే. శక్తి తక్కువున్నది ముందుగాల నిండుతది. పోయినసారి గిదే తప్పు రాసి ఫెయిలైన."

"ఈసారి రాయకు. ముందుగాల బువ్వ తిను."

"నువ్వు?"

"తింట తియ్యి. నువ్వు తిను."

"పొద్దుగాల ఇంద్రమ్మ ఎందుకచ్చింది? నేను తానం జేస్తుంటె ఏడ్సినట్టు ఇనవడ్డది."

"పండ్ల నొప్పట."

"పండ్ల నొప్పికి గంత ఏడ్పా?"

"నొప్పి ఆమెది, నీకేం ఎరుక. తినవే."

"అత్తమ్మా, నీ ఫోన్ ఏది?"

"ఎందుకు?"

"నీ కొడుకుతోని మాట్లాడాలె."

"చార్జింగ్ లేదు."

"రాత్రి నేనే పెట్టిన గద!"

"పెడితె ఎక్కలే. ఆయన డ్యూటీల ఉంటడు, ఎత్తడు."

"ఆయన ఎత్తకుంటె మైసయ్యకు చేస్త. ఒక్క రూంల్నే ఉంటరు గద. ఇంద్రమ్మ కొడుకు మనకేం పరాయోడు కాదు."

"వద్దు. ఎవ్వలికి చెయ్యద్దు. పరీక్ష ముంగట లొల్లి వద్దు."

"గదే, లొల్లి పెడ్తడని నీకు ఎరుక! మొన్న ఏమన్నడో ఎర్కేనా? ముప్పై ఏండ్లకు ఇంటరేంది, ఊరు నవ్వుతది అన్నడు. నవ్వనీ. ఆయన మస్కట్ పోయేటప్పుడు నన్నడిగి పోయిండా? గంత దూరం ఆయన అడగక పోవచ్చు, నేను సిరిసిల్ల పోనికె అడగాల్నా?"

"అడగాల్సిన పని లేదు."

"ఏంది?"

"అడగాల్సిన పని లేదంటున్న. రాయి."

"గిదేందత్తమ్మా? నిన్నటిదాక నువ్వు గూడ వద్దంటివి. వండుకుంటూ సదివితె కూర మాడుతది అంటివి."

"మాడనీ. ఇయ్యాల నేను వండిన గద. ఇంకేమున్నది సదివేది? సదువు, నేను ఇంట."

"నువ్వు ఇంటవా?"

"ఇంట. గట్టిగ సదువు."

"సరే. అణువుల కంటె చిన్నగ పరమాణువు ఉంటది. దాని నడుమ కేంద్రకం. కేంద్రకంల ప్రోటాన్లు, న్యూట్రాన్లు. చుట్టు ఎలక్ట్రాన్లు."

"కంటికి అవుపడ్తయా?"

"అవుపడయి."

"అవుపడని దానికి పరీక్షనా?"

"నువ్వు కూరల ఏసే ఉప్పున్నది చూడు, దాంట్ల సోడియం ఉంటది, క్లోరిన్ ఉంటది. సోడియం నంబరు పదకొండు. పదకొండు ప్రోటాన్లు, పదకొండు ఎలక్ట్రాన్లు. బయటి పొరల ఒక్కటే ఎలక్ట్రాన్ ఉంటది. గా ఒక్కటి క్లోరిన్‌కు పోతది."

"పోతె?"

"పోతె పోతది."

"గట్ల కాదు. ఉన్న ఒక్కటి పోతె, ఇగ గది సోడియం కాకుండ పోతదా?"

"ఎందుకు పోతది? నడుమ ప్రోటాన్లు పదకొండు అట్లనే ఉన్నయి గద. పేరు ప్రోటాన్లను బట్టి ఉంటది. ఎలక్ట్రాన్ పోయినా సోడియం సోడియమే."

"మల్ల చెప్పు."

"ఎలక్ట్రాన్ పోయినా సోడియం సోడియమే. ఏమైందత్తమ్మా?"

"ఏం కాలే. మంచిగ చెప్పినవ్. గట్లనే రాయి."

"ఈసారి గెలుస్తనత్తమ్మా. నర్సు కోర్సుల చేరుత. కొలువు రాంగనే నీ కొడుకుకు నేనే ఫోన్ చేసి, ఇగ చాలు, ఇంటికి రా అంట. గప్పటిదాక బింకంగనే ఉంట. నువ్వు ఆయనకు చెప్పకు."

"చెప్ప."

"ఒట్టు?"

"చెప్ప అంటున్న గదనే!"

"గట్ల అరుస్తవేంది? అగో, ఇంద్రమ్మ మల్ల అస్తుంది. కండ్లు చూడు, ఎట్ల ఉబ్బినయో."

"ఇంద్రమ్మా, నువ్వు ఆడనే ఆగు. ఇప్పుడు రాకు."

"నర్సవ్వా, గా పిల్లకు..."

"ఆగు అన్న గద! పిల్ల పరీక్షకు పోతుంది. ఎదురు రాకు. ఎనుకకు పో."

"అత్తమ్మా, పాపం, పండ్లు నొస్తున్నయన్నవు గద, గట్ల కసిరితె ఎట్ల?"

"తర్వాత నేను చూసుకుంట. సామేలు ఆటో అచ్చింది, లే."

"పద్మక్కా, ఎక్కు."

"ఏం సామేలూ, నా ముఖం చూస్తలేవు?"

"నిద్ర సాలలేదక్కా."

"సామేలూ, ఇటు ఇను. దారిల ముచ్చట్లు పెట్టకు. అది సదువుకుంటది. ఆటోల ఇంకెవ్వల్ని ఎక్కించకు. పరీక్ష అయ్యేదాక ఆడనే ఉండి, నువ్వే తోల్కరా. తిన్నగ నా దగ్గరికే తోల్కరా."

"సరే పెద్దమ్మా."

"అత్తమ్మా, నా సంచి మూడుసార్లు తీసి చూసినవ్. పరీక్ష నాదా, నీదా?"

"ఇద్దరిది. పో. ఎనుకకు చూడకు."

"పోయస్త!"

"నర్సవ్వా... పోయిందా?"

"ఆగు. మూల తిరగనీ. తిరిగింది. రా ఇంద్రమ్మా."

"నువ్వు మనిషివేనా? పొద్దుగాల నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినవ్. రేపు ఆ పిల్ల నిన్ను తిట్టదా?"

"తిట్టనీ. కొట్టినా పడ్త. పరీక్ష రాసి ఇంటికి రాంగనే నా నోటితోనే చెప్త, ఇంకెవ్వలు చెప్పద్దు."

"ఊరు ఊకుంటదా? కోడలికి దాసిపెట్టి పరీక్షకు తోలిందంటరు."

"అననీ. ఇయ్యాల ఇంటిముంగట కూలబడితె మల్ల లేస్తదా అది? అందరు గల్సి మూలకు కూసోబెడ్తరు. నేను కూసోబెట్టనియ్య."

"మరి నువ్వు? గింతసేపు కడుపుల ఎట్ల పెట్టుకున్నవే?"

"నా సంగతి ఇప్పుడు. లోపటికి రా, తలుపెయ్యి. పొద్దుగాల నిన్ను సగంల్నే ఆపిన, మిగిలింది ఇంటె దాని ముంగట నిలవడకపోదును. ఇగ చెప్పు ఇంద్రమ్మా, మైసయ్య ఏమన్నడు? నా కొడుకు ఎట్ల సచ్చిపోయిండట?"