అలక బొమ్మ

తొంభై తొమ్మిది వేసవి. విశాఖ సముద్రపొడ్డున, చిత్రకారుల కాలనీలో ఆమె బొమ్మ వేస్తోంది. ఉక్కునగరం నుంచి వచ్చిన భర్త ఎదురుగా రాతిమీద కూర్చున్నాడు.

“ఇంటికెప్పుడొత్తావే?”

“ఈ బొమ్మ అవ్వనీ బావా.”

“పోయిన ఆదివారమూ ఇదే మాటన్నావ్.”

“నువ్వు కదిలిపోయావ్ మరి.”

“నా బొమ్మేత్తన్నావేటి?”

“ఆఁ. వచ్చినప్పుడల్లా అక్కడే అలిగి కూకుంతావ్. ఆ మూతే గీత్తన్నాను.”

“నవ్వు మొహం వెయ్యొచ్చు కదా.”

“నవ్వితే కదా. ఇంట్లో రంగుల వాసనని అత్త గొడవ సేత్తే నువ్వు నోరిప్పలేదు. అందుకే ఇక్కడికొచ్చీసాను.”

“ఇప్పాన్లే. అమ్మకి సెప్పి బాల్కనీ గది ఖాళీ సేయించాను. అది నీకే.”

“ఎప్పుడు?”

“పోయిన వారం.”

“మరి రాగానే సెప్పలేదేటి?”

“అలిగున్నాను కదా.”

ఆమె కుంచె ఆపి అతని వంక చూసింది.

“రేపే వచ్చెత్తాను బావా. ఇప్పుడు మాత్రం నవ్వకు. మూతి దగ్గరే ఉన్నాను.”