బాబాయ్ పట్టిన చేప

"చెరువు బాగుపడిందంటే నా చలవేనర్రా," అన్నాడు ఇళ్లకు రంగులేసే బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. "చేపలు గుడ్లు పెట్టుకోడానికి అడుగున గులకరాళ్లు పొయ్యాలంటే, రెండు గంపలు ఈ భుజం మీదే మోశాను."

అది నిజమే. అన్న కూతురు బతిమాలితే మోశాడు. ఆ పిల్ల రెండేళ్లుగా పిచ్చిమొక్కలు పీకించి, ఈ చెరువులో అంతరించిపోయిన చిన్నచేపల్ని మళ్లీ పెంచి వదులుతోంది. వదిలినవాటిని ఏదో పరాయి చేప మింగేస్తోందని పొద్దున ఖాళీ వల చూసుకుని ఏడ్చింది. ఇప్పుడు బల్ల చివర చల్లారిపోయిన టీ ముందు కూర్చుంది. అటు చూస్తే బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. సిగ్గేసినప్పుడల్లా గొంతు పెంచడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రాక్షసిని నేను చూశాను! మొన్న కాళ్లు కడుక్కుంటుంటే లేచింది. మన టీ బండంత ఉంది."

"నిన్న దూడంత అన్నావుగా?" అంది టీ బండి అక్క.

"మేస్తోంది కదా, పెరగదూ! ఇక చూస్కో, దూకాను. అరగంట ఊపిరి బిగబట్టాను. తోకతో ఒక్కటిచ్చిందీ, చెరువు నీళ్లన్నీ లేచొచ్చి వీధిలో పడ్డాయి."

"మా షెడ్డు తడవలేదే," అన్నాడు మెకానిక్.

"నీ షెడ్డు మీదుగా పోయాయిరా, నువ్వు తల పైకెత్తితేగా! నన్ను వీపున ఎక్కించుకుని చెరువంతా ఊరేగించింది. ఇంకొకడైతే గుండాగి చచ్చేవాడు. నేనేం చేశానూ? కట్టేసిన పడవ అంచు అందుకుని, గోటితో టక్, టక్‌టక్ అని తట్టాను. అంతే! కుక్కపిల్లలా తోకాడిస్తూ వచ్చి నా అరచేతి ముందు నోరు తెరిచింది. చేపలు నా మాట వింటాయర్రా!"

అందరూ పడీ పడీ నవ్వారు. అన్న కూతురు నవ్వలేదు.

"బాబాయ్, మీ హాల్లో గాజుతొట్టి మీద అచ్చం అలాగే తట్టి మేత వేసేవాడివి. ఆ చారల చేపకి. తొట్టిలో పట్టనంత పెద్దదయ్యాక, చచ్చిపోయింది, పెరట్లో పాతేశానన్నావు."

బాబాయ్ బల్ల మీది గ్లాసు వైపు తల దించాడు. చంపడానికి చేతులు రాక దాన్ని బకెట్లో మోసుకెళ్లి ఈ చెరువులో వదిలిన సాయంత్రం కళ్లముందు కదిలింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె లేచింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పొద్దున్నే పడవ దగ్గరికి రా. వల నేను పట్టుకుంటా," అంది. "నువ్వేం మాట్లాడకు బాబాయ్. తట్టు, చాలు."